జంట తారల జాడ తీసిన సంగీతవేత్త: సర్ విలియం హెర్షెల్

తెలుగునాట పెండ్లిపీటల మీది నుండి లేచిన వధూవరులకు పురోహితుడు అరుంధతీ నక్షత్రాన్ని చూపించడం తరతరాల ఆచారం. సప్తర్షి మండలంలో వసిష్ఠుని ప్రక్కనే మిణుకుమిణుకుమనే ఆ చిన్న చుక్కను అరబ్బులు సుహా అని పిలిచి, దానిని చూడగలిగిన వాని కంటిచూపు చక్కనిదని నిర్ణయించేవారు. వసిష్ఠునికి పాశ్చాత్యులు వాడే మైజార్ అనే పేరు సైతం అరబ్బీ భాష నుండి వెళ్ళినదే. అయితే ఆకాశంలో రెండు చుక్కలు ప్రక్కప్రక్కన కనిపించినంత మాత్రాన అవి నిజంగా ఒకదానికొకటి తోడు అనవచ్చునా? ఒకటి దగ్గరగాను, మరొకటి ఎంతో దూరంగాను ఉండి, మన చూపుకు సూటిగా పడినందువల్ల మాత్రమే జంటగా తోచవచ్చును గదా? ఈ ప్రశ్నకు ఊహతో కాక కొలతతో జవాబు చెప్పడానికి ఒక మనుష్యుడు సుమారు ఇరవై ఐదు సంవత్సరాలు రాత్రులను పగళ్ళుగా చేసికొన్నాడు. ఆయనయే విలియం హెర్షెల్.

మన పాఠ్యపుస్తకాలలో హెర్షెల్ పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. యురేనస్ గ్రహాన్ని కనుగొన్నవాడని చదివి, పరీక్షలో వ్రాసి, మరచిపోతాము. యురేనస్ ఆయన వెదకినది కాదు, వెదుకుతున్న దారిలో ఎదురైనది. ఆయన నిజంగా వెదకినది జంట నక్షత్రాలను. ఆ తరువాత గ్రహ నీహారికలకు ఆ పేరు పెట్టినవాడు కూడా ఆయనే. ఈ రెండు విషయాలకు చివరకు ఏర్పడిన సంబంధం ఆయనకు తెలియకుండానే పోయింది. ఆ కథ మా విద్యార్థి మిత్రులకు తెలియవలెనన్న కోరికతో ఈ వ్యాసాన్ని వ్రాస్తున్నాము.

హెర్షెల్ 1738 నవంబరు 15వ తేదీన జర్మనీ దేశంలోని హానోవర్ నగరంలో జన్మించాడు. తండ్రి ఐజాక్ సైనిక వాద్యబృందంలో ఓబో అనే సుషిర వాద్యాన్ని వాయించేవాడు. ధనము లేకున్నా ఆ ఇంట సంగీతానికి, తర్కానికి కొరత లేదు. పదునాలుగేండ్లకే విలియం తండ్రి ఉన్న బృందంలో చేరి జీతగాడయ్యాడు. 1757లో హాస్టెన్‌బెక్ వద్ద ఫ్రెంచి సేనల చేతిలో తమ పక్షము ఓడిపోగా, బాజాలు వాయించేవానికి యుద్ధభూమిలో పనేమున్నదని తల్లిదండ్రులు అతనిని ఇంగ్లండుకు పంపివేశారు. సైన్యం నుండి పారిపోయిన నేరానికి తరువాతి కాలంలో రాజు స్వయంగా క్షమాభిక్ష పెట్టాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది కాని, అది కట్టుకథ. 1762లోనే ఆయనకు విడుదల పత్రం లభించింది.

ఇంగ్లండులో తొలి సంవత్సరాలు కష్టంగా గడిచినవి. సంగీత ప్రతులకు నకళ్ళు వ్రాసి, పాఠాలు చెప్పి, ఊరూరా కచేరీలు చేసి పొట్ట పోసికొన్నాడు. గుర్రం మీద ఊరి నుండి ఊరికి పోతూనే పుస్తకాలు చదివేవాడు. ఇరువది నాలుగు సింఫనీలు రచించాడు. 1766లో బాత్ పట్టణంలోని ఆక్టాగన్ చర్చిలో ఆర్గాన్ వాద్యకారునిగా నియమితుడై స్థిరపడ్డాడు. బాత్ ఆనాడు ధనవంతులు వేడినీటి బుగ్గలలో స్నానాలకు వచ్చే ఊరు. సంగీతానికి గిరాకీ ఎక్కువ. వారానికి ముప్పైకి పైగా పాఠాలు చెప్పేవాడట. అంత పని ఉన్నవాడు రాత్రి ఇంటికి చేరి నిద్రపోవలసినది. ఆయన మాత్రం ఒక గిన్నె పాలు ప్రక్కన పెట్టుకొని గణితం చదివేవాడు. స్వరశాస్త్రం మీద రాబర్ట్ స్మిత్ వ్రాసిన గ్రంథం ఆయనను గణితానికి, అదే రచయిత కాంతి మీద వ్రాసిన గ్రంథం దూరదర్శినులకు నడిపించినవి. 1773లో ఫెర్గుసన్ వ్రాసిన ఖగోళ గ్రంథాన్ని కొన్నాడు. అప్పటికి ఆయన వయస్సు ముప్పది నాలుగు. ఆ వయస్సులో మనలో చాలామందిమి క్రొత్త విషయం నేర్వడం మానివేస్తాము.

ఇక్కడ ఆయన చెల్లెలు కరోలిన్ ప్రసక్తి తేక తప్పదు. ఆమె లేకుండా హెర్షెల్ చరిత్ర వ్రాయడమంటే సగం చరిత్ర వ్రాయడమే. 1750లో జన్మించిన ఆమెకు పసితనంలో మశూచికం, పదవ ఏట టైఫస్ జ్వరం వచ్చి ఎదుగుదల ఆగిపోయింది. ఆమె ఎత్తు నాలుగడుగుల మూడంగుళాలు. ఆమెకు వివాహం కాదని నిశ్చయించుకొన్న తల్లి, చదువు చెప్పిస్తే ఇంటి పనికి దూరమవుతుందని వంటింటికే పరిమితం చేసింది. 1772లో విలియం హానోవర్ వచ్చి, ఆమెకు బదులు పనిమనిషిని పెట్టుకొనేందుకు తల్లికి ఏటేటా సొమ్ము ఏర్పాటు చేసి, చెల్లెలిని తన వెంట బాత్‌కు తీసికొనిపోయాడు. ఒక ఆడపిల్లను చదువుకోనివ్వడానికి ఇంటివారికి పరిహారం చెల్లించవలసి వచ్చిందన్నమాట. మా తరగతులలోని కొందరు బాలికల పరిస్థితి ఎరిగిన మాకు ఈ సంగతి దూరదేశపు కథగా తోచలేదు.

బాత్‌లో కరోలిన్ గానం నేర్చి, హాండెల్ రచనలలో ప్రధాన గాయనిగా పేరు తెచ్చుకొన్నది. అంతలో అన్నగారికి నక్షత్రాల పిచ్చి పట్టింది. మంచి దూరదర్శిని కొనడానికి ధనం చాలదు. కనుక తానే చేయాలనుకొన్నాడు. ఆనాటి దర్పణాలు గాజువి కావు. రాగి, తగరము కలిపి పోతపోసిన బిళ్ళను నెలల తరబడి అరగదీసి, మెరుగుపెట్టి, వంపు తెప్పించాలి. చివరి మెరుగు పెట్టేటప్పుడు చేయి ఆపితే పని పాడవుతుంది. ఒకసారి ఆయన పదహారు గంటలు చేయి తీయకుండా పని చేయగా, కరోలిన్ ముద్దలు నోటిలో పెట్టి తినిపించింది. బైఠకు గదిలో వడ్రంగి కొయ్యలు కోస్తున్నాడు. పడకగదిలో తరిణె పట్టే యంత్రం వెలసింది. 1781లో పెద్ద దర్పణం పోత పోయడానికి ఇంటి నేలమాళిగలో కొలిమి పెట్టారు. అచ్చు కోసం గుర్రపు పేడను దంచి జల్లించడంలో కరోలిన్ కూడా చేయి వేసింది. కరిగిన లోహం కారి నేల మీది రాతిపలకల మీద పడగా, ఆ పలకలు పగిలి ఎగిరినవి. పనివారు తలుపు వైపు పరుగెత్తారు. హెర్షెల్ వేడికి, అలసటకు ఇటుకల గుట్ట మీద కూలబడ్డాడు. ఇంతచేసీ ఆ దర్పణం దక్కలేదు.

ఆయన అంత శ్రమపడి జంట నక్షత్రాలను ఎందుకు వెదకినాడో కొంచెము వివరించవలసి ఉన్నది. ముఖానికి ఎదురుగా వ్రేలు పెట్టుకొని ఒక కన్ను మార్చి ఒక కన్ను మూసి చూడండి. వ్రేలు గోడ మీది గుర్తులకు అటూ ఇటూ కదిలినట్లు కనిపిస్తుంది. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతూ ఆరు నెలలకు కక్ష్యకు ఆ చివర నుండి ఈ చివరకు వస్తుంది కనుక, దగ్గరి నక్షత్రం దూరపు నక్షత్రాలకు అటూ ఇటూ కదలవలె. దీనినే పారలాక్స్ అంటారు. ఆ కదలికను కొలిస్తే నక్షత్రం దూరం తెలుస్తుంది. ప్రకాశవంతమైన చుక్క ప్రక్కనే మసక చుక్క ఉన్న జంటను తీసికొంటే, మసకది చాల దూరాన ఉన్నదని భావించి, దానిని గోడ మీది గుర్తుగా వాడుకోవచ్చునని గెలీలియో సూచించాడు. హెర్షెల్ ఆ మార్గాన్ని ఎంచుకొని, 1779లో కంటికి కనిపించే నక్షత్రాలనే గాక వాటికంటె మసకవైన వాటిని కూడా ఒక్కొక్కదానిని పరీక్షించసాగాడు.

ఆ పరీక్షలోనే 1781 మార్చి 13వ తేదీ రాత్రి వృషభ, మిథున రాశుల సరిహద్దున ఒక వింత చుక్క కనిపించింది. నక్షత్రాన్ని ఎంత పెద్దది చేసి చూచినా బిందువుగానే ఉంటుంది. ఇది మాత్రం పెద్దదవుతున్నది. ఆయన తోకచుక్క అనుకొన్నాడు. గణితజ్ఞులు కక్ష్య లెక్కించి అది శనికి ఆవల తిరిగే గ్రహమని తేల్చారు. చరిత్రకు ముందునుండి మానవుడు ఎరిగిన గ్రహాల సంఖ్యకు మొదటిసారి ఒకటి కలిసింది. ఆ సంవత్సరమే రాయల్ సొసైటీ కోప్లీ పతకాన్ని, సభ్యత్వాన్ని ఇచ్చింది. మరుసటి ఏడు మూడవ జార్జి రాజు ఏటా 200 పౌనుల భత్యం ఏర్పాటు చేశాడు. ఆయన దూరదర్శిని గురించి చెప్పిన మాటలను మొదట నమ్మనివారు, దానిని గ్రీనిచ్‌కు తెప్పించి అక్కడి వాటితో పోల్చి చూచి, రాజ వేధశాలలోని వాటికంటె ఒక సంగీతపు మాస్టరు చేసినదే మేలైనదని ఒప్పుకొనవలసి వచ్చింది.

నలుబది నాలుగవ ఏట సంగీతానికి స్వస్తి చెప్పి, రాజప్రాసాదానికి సమీపంలోని డాచెట్‌కు, ఆ తరువాత 1786లో స్లౌ గ్రామానికి నివాసం మార్చాడు. అన్నతోపాటు చెల్లెలు కూడా గానం విడిచిపెట్టవలసి వచ్చింది. ఆమెను అడిగి చేసిన నిర్ణయమేమీ కాదది. ఆమె అంతవరకు సంపాదించుకొన్న ఒకే ఒక్క స్వాతంత్ర్యం ఆ పాట. దానిని వదలి, రాత్రంతా కిటికీ ప్రక్కన గడియారం, దీపం, కాగితాలతో కూర్చుండి, దూరదర్శిని దగ్గర నుండి అన్న కేకవేసి చెప్పేది వ్రాసికొనే లేఖకురాలైనది. చలికి సిరా గడ్డకట్టేది. డాచెట్ వద్ద థేమ్స్ నది పొంగి ఆవరణలోకి వచ్చేది. చలిజ్వరం రాకుండా హెర్షెల్ ముఖానికి, చేతులకు పచ్చి ఉల్లిపాయ రుద్దుకొనేవాడు. 1783 డిసెంబరు 31వ తేదీ రాత్రి మంచులో పరుగెత్తుతూ కరోలిన్ ఇనుప కొక్కెం మీద పడగా, అది కుడి మోకాలికి పైన తొడలో దిగబడింది. తీసేటప్పుడు మాంసం ముక్క ఊడి వచ్చింది. కొన్ని వారాలకే ఆమె మళ్ళీ పనిలో ఉన్నది. ఆమె స్వయంగా ఎనిమిది తోకచుక్కలు కనుగొన్నది. 1787 నుండి రాజు ఆమెకు ఏటా 50 పౌనుల జీతం ఇచ్చాడు.

ఈ రాత్రుల ఫలితమే నీహారికల జాబితాలు. హెర్షెల్ రంగంలోకి దిగేనాటికి తెలిసిన నీహారికలు సుమారు నూరు. 1786, 1789, 1802 సంవత్సరాలలో ఆయన మూడు జాబితాలలో 2500 ప్రకటించాడు. వాటిని ఎనిమిది తరగతులుగా విభజించాడు. నాలుగవ తరగతి ఆయనకు తలనొప్పిగా పరిణమించింది. 1782 సెప్టెంబరులో కుంభరాశిలో తాను చూచిన ఒక నీహారిక మేఘంవలె చెదరి ఉండక, అంచులు గల చిన్న పళ్ళెంవలె, తాను కనుగొన్న యురేనస్‌వలె గుండ్రంగా ఉన్నది. అటువంటివి మరికొన్ని దొరికినవి. చూపుకు గ్రహాలవలె ఉన్నవి కనుక 1785లో వీటిని గ్రహ నీహారికలన్నాడు. వీటికి గ్రహాలతో ఎట్టి సంబంధమూ లేదు. పేరు తప్పని తెలిసినా రెండు శతాబ్దాలకు పైగా లోకం దానినే వాడుతున్నది. తప్పు పేరు ఒకసారి నోళ్ళలో నానితే పోదన్నది భాషాధ్యాపకులమైన మాకు క్రొత్త విషయం కాదు.

ఆ కాలంలో హెర్షెల్‌కు ఒక గట్టి నమ్మకం ఏర్పడింది. తన పెద్ద దూరదర్శినులతో చూచినప్పుడు ఎన్నో నీహారికలు విడివిడి చుక్కల గుంపులుగా తేలినవి. కనుక నీహారికలన్నీ నక్షత్రాల గుంపులే, దూరం వల్ల పొగవలె కనిపిస్తున్నవని భావించాడు. గ్రహ నీహారికలు కూడా బాగా దగ్గరగా క్రిక్కిరిసి ముసలితనానికి వచ్చిన నక్షత్రాల గుంపులే కావచ్చునని ఊహించాడు. తోటలో మొలక, మొక్క, పూలచెట్టు, వాడిన చెట్టు ఒకేసారి కనిపించినట్లు ఆకాశంలోను వేర్వేరు వయస్సుల వస్తువులు ఒకేసారి కనిపిస్తున్నవని 1789లో వ్రాశాడు. ఈ నమ్మకం మీదనే ఆయన విశ్వనిర్మాణ సిద్ధాంతమంతా నిలిచి ఉన్నది. రాజు ఇచ్చిన నాలుగు వేల పౌనులతో నలుబది అడుగుల గొట్టము, 48 అంగుళాల దర్పణము గల మహా దూరదర్శినిని 1789లో పూర్తిచేయడానికి ఆయనను పురికొల్పినది కూడా అదే ఆశ.

1790 నవంబరు 13వ తేదీ రాత్రి వృషభరాశిలో ఒక నక్షత్రం ఆయన చూపులో పడింది. దాని చుట్టూ మసక వెలుగు ఒకటి గుండ్రంగా, అన్ని వైపులా సమానంగా అలుముకొని ఉన్నది. నక్షత్రం సరిగా నట్టనడుమ ఉన్నది. ఈనాటి జాబితాలలో దీని పేరు ఎన్.జి.సి. 1514. ఇటువంటి దానిని చూచి, బాగున్నదని వ్రాసికొని ముందుకు పోవచ్చును. హెర్షెల్ ఆగిపోయాడు. ఆ వెలుగు కూడా నక్షత్రాల గుంపేనంటే రెండే మార్గాలున్నవి. ఆ గుంపు చాల దూరాన ఉన్నందున విడివిడిగా కనిపించడం లేదంటే, అంత దూరం నుండి కూడా స్పష్టంగా వెలుగుతున్న నడిమి నక్షత్రం ఊహకందనంత బృహత్తరమైనది కావాలి. కాదు, నడిమిది మామూలు నక్షత్రమే అంటే, చుట్టూ ఉన్నవి నక్షత్రమనే పేరుకే తగనంత సూక్ష్మమైనవి కావాలి. రెండూ పొసగవు. పోనీ, వెలుగు వేరు, నక్షత్రం వేరు, సూటిలో కలిసినవనుకొందామా అంటే, నట్టనడుమ ఇంత కచ్చితంగా కుదరడం యాదృచ్ఛికం కాజాలదు. కనుక నక్షత్రం చుట్టూ ఉన్నది నక్షత్రాలు కానే కాదు. అది ప్రకాశించే ఒకానొక ద్రవ్యం. మరుసటి ఏడు ఆ నిర్ణయాన్ని లోకానికి ప్రకటించాడు.

ఇది ఎంతటి త్యాగమో ఆలోచించవలె. అప్పటికి ఆయన యూరపు ఖండమంతా కీర్తించే పండితుడు. రెండు రోజులలో ఏబది రెండవ ఏట ప్రవేశం ముగిసి ఏబది మూడవది రానున్నది. సిద్ధాంతం ఆయనది, దానిని కాదనమని అడిగినవారు లేరు, ఆ రాత్రి ఆయన చూచినదానిని మరొకడు అంత స్పష్టంగా చూడగల సాధనం లోకంలో దాదాపు లేదు. మౌనం వహించి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. యురేనస్ దొరికిన రాత్రికంటె ఈ రాత్రియే హెర్షెల్ జీవితంలో గొప్పదని మా అభిప్రాయం. యురేనస్ విషయంలో అదృష్టానికి కొంత పాలున్నది. ఇక్కడ అదృష్టమేమీ లేదు.

అయినను సత్యం ఒకేసారి పూర్తిగా చేతికి చిక్కదు. ఆ ద్రవ్యం క్రమంగా నడిమికి చేరి నక్షత్రంగా పేరుకొంటున్నదని ఆయన తరువాత తలచాడు. అనగా గ్రహ నీహారికను నక్షత్రపు పురిటిగదిగా భావించాడు. జరుగుతున్నది దీనికి విపర్యయం. సూర్యునివంటి నక్షత్రం వృద్ధాప్యంలో ఉబ్బి ఎఱ్ఱని మహాతారగా మారి, పై పొరలను అంతరిక్షంలోకి వదలివేస్తుంది. మిగిలిన వేడి గర్భం నుండి వచ్చే అతినీలలోహిత కాంతికి ఆ వాయువు వెలుగుతుంది. కొన్ని వేల సంవత్సరాలలో చెదరిపోతుంది. ద్రవ్యం లోపలికి పోవడం లేదు, బయటికి వస్తున్నది. విచిత్రమేమనగా, చుక్కల గుంపు అని పొరపడిన కాలంలో ఆయన వీటిని వృద్ధాప్య చిహ్నాలన్నాడు, అది సరియైనది. వాయువని సరిగా గ్రహించిన తరువాత శైశవమన్నాడు, అది సరికాదు. వాయువన్న మాటకు నిదర్శనం 1864లో లభించింది. హెర్షెల్ 1786లో కనుగొన్న ఒక గ్రహ నీహారిక వెలుగును విలియం హగ్గిన్స్ వర్ణపటదర్శినితో పరీక్షించగా, నక్షత్రాలకు ఉండవలసిన ఇంద్రధనుస్సుకు బదులు కొన్ని వెలుగు గీతలు మాత్రమే కనిపించినవి.

ఇక జంట తారల సంగతి. 1782లో 269 జంటలతో మొదటి జాబితా, 1785లో 434 జంటలతో రెండవది అచ్చయినవి. పారలాక్స్ మాత్రం దొరకలేదు. 1767లోనే జాన్ మిచెల్ అనే పండితుడు సంభావ్యతా గణితాన్ని ఆశ్రయించి, ఇన్ని చుక్కలు యాదృచ్ఛికంగా జంటలు కట్టడం అసంభవమని, వీటిలో పెక్కు నిజమైన జంటలేనని వాదించాడు. అదే నిజమైతే రెండు చుక్కలూ ఒకే దూరాన ఉన్నట్లు. హెర్షెల్ పథకం మొదలంటా పనికిరానిదన్నట్లు. హెర్షెల్ ఆ వాదాన్ని త్రోసివేయలేదు, వెంటనే అంగీకరించనూ లేదు. ఇంకా పరిశీలన కావాలన్నాడు. దాదాపు ఇరవై సంవత్సరాల తరువాత పాత జంటలను మళ్ళీ కొలిచాడు. మన పునర్వసు నక్షత్రంలోని కాస్టర్ అనే చుక్క దూరదర్శినిలో రెండుగా కనిపిస్తుంది. ఆ రెండింటిని కలిపే గీత దిశ ఏండ్ల తరబడి ఒకే వైపుకు తిరుగుతూ వచ్చింది. 1759లో బ్రాడ్లీ చేసిన పరిశీలన కూడా దీనితో పొసగింది. భూమి కదలిక వల్లగాని, సూర్యుని గమనం వల్లగాని అటువంటి మార్పు రాజాలదని ఒక్కొక్క మార్గాన్ని పరీక్షించి తొలగించి, 1803లో హెర్షెల్ నిర్ణయాన్ని ప్రకటించాడు. ఆ రెండూ ఒకదాని చుట్టూ ఒకటి పరిభ్రమిస్తున్న సహచరులు. కాస్టర్ జంట ఒక చుట్టు తిరగడానికి సుమారు 342 సంవత్సరాలని అంచనా వేశాడు. నేటి లెక్క సుమారు 460 సంవత్సరాలు. ఒక చుట్టులో చిన్న తునకను మాత్రమే చూచినవానికి ఇది తక్కువ ఘనత కాదు.

న్యూటను చెప్పిన గురుత్వాకర్షణ సూర్య కుటుంబానికి ఆవల కూడా పనిచేస్తుందనడానికి మొదటి దృష్టాంతం ఇదే. నక్షత్రాల ద్రవ్యరాశిని తూచడానికి ఈనాటికీ జంటతారలే ప్రధానమైన త్రాసు. ఆయన వెదకిన పారలాక్స్ 1838లో బెసెల్‌కు దొరికింది. హైదరాబాదుకు సమీపంలోని జాపాల్-రంగాపూర్ గ్రామాల వద్ద 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు నెలకొల్పిన దూరదర్శిని దర్పణం కూడా 48 అంగుళాలదే; దానితో సాగిన పరిశోధనలో ముఖ్యభాగం జంటతారల మీదనే జరిగింది. హెర్షెల్ పేరు వినని మన పల్లెల ఆకాశం క్రింద ఆయన పని కొనసాగిందని చెప్పుకోవడం మాకు సంతోషదాయకం.

ఇంటి విషయం ఒకటి మిగిలింది. 1788లో హెర్షెల్ తన ఏబదవ ఏట మేరీ పిట్ అనే వితంతువును వివాహమాడాడు. పదహారేండ్లు ఇల్లు నడిపిన కరోలిన్ అద్దె గదులకు మారి, అక్కడి నుండి రోజూ పనికి వచ్చేది. ఆ తరువాతి పదేండ్ల దినచర్యను ఆమె తానే నాశనం చేసింది. అందులో ఏమున్నదో ఊహించడం కష్టం కాదు. ఊహించకుండా ఉండడమే మర్యాద. వదినగారితో కాలక్రమంలో స్నేహం కుదిరింది. 1792లో పుట్టిన మేనల్లుడు జాన్ ఆమెకు ప్రాణమైనాడు.

హెర్షెల్ చెప్పినవన్నీ నిలువలేదు. చంద్రునిలోను, సూర్యునిలోను కూడా జీవులున్నారని నమ్మాడు. నలుబది అడుగుల దూరదర్శిని శనికి రెండు ఉపగ్రహాలను చూపినా, బరువుకు, తడికి లొంగి పనికి అంతగా అక్కరకు రాలేదు. చిన్నదైన ఇరువది అడుగులదే ఆయన నిజమైన ఆయుధం. 1816లో సర్ బిరుదు వచ్చింది. లండనులో క్రొత్తగా ఏర్పడిన ఖగోళ సంఘానికి తొలి అధ్యక్షుడైనాడు. 1822 ఆగస్టు 25వ తేదీన స్లౌలో మరణించాడు. ఆయన ఆయుర్దాయం దాదాపు 84 సంవత్సరాలు. యురేనస్ సూర్యుని ఒకసారి చుట్టి రావడానికి పట్టే కాలమూ అంతే. కరోలిన్ హానోవర్ తిరిగి వెళ్ళి, అన్న నీహారికలన్నిటిని మేనల్లుడు మళ్ళీ పరిశీలించడానికి వీలుగా క్రమపరచి జాబితా తయారుచేసి, 1828లో అదే సంఘం నుండి స్వర్ణపతకం పొంది, 1848లో తొంబది ఏడేండ్ల వయస్సులో కన్నుమూసింది.

హెర్షెల్ వేర్వేరు పుస్తకాలలో వేర్వేరు తరగతులుగా వ్రాసికొన్న జంటతారలు, గ్రహ నీహారికలు ఇరవయ్యవ శతాబ్దంలో ఒకచోట కలిసినవి. నక్షత్రం గుండ్రనిది గదా, అది వదలిన పొరలు కూడా గోళాకారంలో ఉండవలె. కాని గ్రహ నీహారికలలో హెచ్చుభాగం గుండ్రంగా లేవు. కొన్ని డమరుకంవలె, కొన్ని సీతాకోకచిలుక రెక్కలవలె ఉన్నవి. 1976లో అబెల్ 63 అనే నీహారిక నడుమ రెండు నక్షత్రాలు పదకొండు గంటలకొకసారి ఒకదానినొకటి చుట్టివస్తూ గ్రహణాలు పట్టిస్తున్నవని హోవర్డ్ బాండ్ కనుగొన్నాడు. అంత దగ్గరగా పుట్టి బ్రతికిన జంట కాదది. పెద్దతార ఉబ్బినప్పుడు తోటిది దాని పొరలలో మునిగి, రాపిడికి సుళ్ళు తిరుగుతూ లోనికి జారి, ఆ క్రమంలో పొరలను త్రోసివేసి ఉండాలి. తోడు త్రిప్పిన త్రిప్పుడుకే నీహారికకు ఆ వింత రూపాలు వచ్చినవని నేటి శాస్త్రజ్ఞులలో పెక్కుమంది భావన. ఇంత దగ్గరి జంటలు గ్రహ నీహారికలలో ఏడెనిమిదింటికి ఒకదానిలోనైనా ఉన్నవని పరిశీలనలు తెలుపుచున్నవి. దూరపు జంటలను కనిపెట్టడం మరింత కష్టం.

హెర్షెల్‌ను ఆపివేసిన ఆ ఎన్.జి.సి. 1514 మాటేమిటి? దాని నడిమి నక్షత్రం వేడి చాలదని, నీహారికను వెలిగించగల శక్తి దానికి లేదని ఇరవయ్యవ శతాబ్దంలో గ్రహించి, అక్కడ కంటికి అందని మరొక వేడి తార ఉండవలెనని అనుమానించారు. ఏండ్ల తరబడి ఆ వెలుగును పరిశీలించి, అక్కడ రెండు తారలున్నవని, అవి సుమారు తొమ్మిదేండ్లకొకసారి ఒకదానినొకటి చుట్టివస్తున్నవని 2017లో నిర్ధారించారు. ఆ నవంబరు రాత్రి హెర్షెల్ కంటికి అందిన వెలుగులో హెచ్చుపాలు నీహారికను వదలిన తారది కాదు, దాని తోడుది. జంటతారలను వెదకడంలో ఆరితేరిన ఆ కన్ను ఒక జంటనే చూస్తూ, దానిని ఒక్కటిగా ఎంచింది. ఆ రెండింటిని విడదీయగల దూరదర్శిని ఆనాడు లేదు.

ఆ నీహారిక చుట్టూ రెండు పెద్ద ధూళి వలయాలున్నట్లు 2010లో వైజ్ ఉపగ్రహం పంపిన చిత్రాలలో బయటపడింది. 2025లో వెబ్ అంతరిక్ష దూరదర్శిని వాటిని మరింత విశదంగా చూపింది. మామూలు వెలుగులో ఆ వలయాలు కనిపించవు. పరారుణ కిరణాలలోనే కనిపిస్తాయి. ఆ కిరణాలున్నవని లోకానికి మొదట తెలిపినది 1800లో, పట్టకంలో విడిపోయిన సూర్యకాంతిలో ఎఱుపుకు ఆవల, వెలుగేమీ లేని చోట ఒక ఉష్ణమాపకాన్ని ఉంచి, దానిలో పాదరసం పైకి ప్రాకడం చూచిన హెర్షెలే.